1444: పంపకాల పొలం (చరిత్రను తిరగేసి చదువుదాం – 7)



గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే ప్రతి ఒక్కరికీ యూరప్ సాంస్కృతిక పునరుజ్జీవనం పాఠం కంఠతా వచ్చు. ఫ్లోరెన్స్, మెడిచీ కుటుంబం, బ్రూనెలెస్కి కట్టిన గుమ్మటం, మానవతావాదం. ‘మనిషిని కేంద్రంలో నిలిపిన యుగం’ అని రాస్తే మార్కులు పడతాయి. ఏ మనిషిని అని ప్రశ్నపత్రం అడగదు. ఆ ప్రశ్న ఈ వారం మనం అడుగుదాం. అందుకు ఒక్క ఏడాది తీసుకుంటే చాలు.

1444 గురించి పుస్తకాల్లో దొరికేవి ఇవి. నవంబరు 10న నల్ల సముద్రం ఒడ్డున వర్ణా యుద్ధంలో ఆటోమన్ సైన్యం క్రైస్తవ రాజుల కూటమిని ఓడించింది. పోలండ్, హంగరీల రాజు ఇరవై ఏళ్ల వయసులో అక్కడే చనిపోయాడు. ఫ్లోరెన్స్‌లోని సాన్ మార్కో మఠంలో కోజిమో మెడిచీ డబ్బుతో గ్రంథాలయం వెలిసింది. మన వైపు విజయనగరాన్ని రెండో దేవరాయలు ఏలుతున్నాడు. అంతకు ముందు ఏడాదే పారశీక రాయబారి అబ్దుల్ రజాక్ ఆ నగరాన్ని చూసి అబ్బురపడ్డాడు.

ఇక పుస్తకాలు దాటేసే సంగతి. 1444 ఆగస్టు 8, పోర్చుగల్ దక్షిణ తీరంలోని లాగోస్ రేవు. ఇది నైజీరియాలోని లాగోస్ కాదు. లాన్సరోత్ అనే పన్నుల అధికారి ఆరు ఓడలతో ఇప్పటి మారిటేనియా తీరానికి వెళ్లి, చేపలు పట్టుకు బతికే ఊళ్ల మీద పడి 235 మందిని పట్టుకొచ్చాడు. వాళ్లలో ఎక్కువమంది సన్‌హాజా బెర్బర్ తెగవాళ్లు. పొద్దున్నే ఊరి బయట పొలంలో వాళ్లను నిలబెట్టి అయిదు భాగాలుగా పంచారు. గుర్రమెక్కి కూర్చున్న యువరాజు హెన్రీకి అయిదో వంతుగా 46 మంది దక్కారు. పంపకానికి ముందే ఒకరిని ఊరి చర్చికి, ఒక పిల్లవాణ్ణి మఠానికి కానుకగా ఇచ్చేశారు. మన పాఠాల్లో సముద్రయానాలకు ఆద్యుడిగా కనిపించే ‘నావికుడు హెన్రీ’ ఈయనే.

ఇదంతా మనకు చెప్పింది ఆస్థాన చరిత్రకారుడు జురారా. 1453లో ముగించిన ఆ పుస్తకం హెన్రీని కీర్తించడానికే రాశాడు. అందులోనే చూడండి: దాడి జరిగినప్పుడు తల్లులు పిల్లల్ని సముద్రపు నాచు కింద దాచారట. పంపకంలో కొడుకు ఒక భాగంలోకి, తండ్రి మరో భాగంలోకి పోతుంటే ఒకరి వైపు ఒకరు పరుగెత్తారట. తల్లులు బిడ్డల్ని గుండెలకు హత్తుకుని నేల మీద బోర్లాపడి దెబ్బలు కాచుకున్నారట. చూస్తే ఏడుపొచ్చిందని కూడా రాశాడు. ఆ వెంటనే సర్దుకున్నాడు: వీళ్లు పశువుల్లా బతికారు, రొట్టె ఎరగరు, బట్ట ఎరగరు, ఇప్పుడు ఆత్మలు రక్షణ పొందుతాయి అని. ‘మేమే వాళ్లను మనుషుల్ని చేశాం’ అనే ఈ మాట మనకు కొత్తేం కాదు కదా!

తర్వాత ఈ వాదన చట్టమైంది. 1452లో పోప్ అయిదో నికొలస్, క్రైస్తవేతరులను శాశ్వత బానిసలుగా చేసుకునే హక్కును పోర్చుగల్ రాజుకు రాసిచ్చాడు. 1455లో దాన్ని మళ్లీ ఖాయం చేశాడు. వాటికన్ గ్రంథాలయానికి పునాది వేసిన మానవతావాద పోప్ కూడా ఈయనే.

మరి ఫ్లోరెన్స్? 1363లోనే ఆ నగర పాలకులు క్రైస్తవేతర బానిసల దిగుమతికి అనుమతిచ్చారు. గ్రంథాలయం కట్టించిన కోజిమో ఇంట్లో మద్దలేనా అనే సిర్కాసియన్ బానిస స్త్రీ ఉండేది. ఆమెకు కోజిమో వల్ల కార్లో పుట్టాడు. కొడుకు చర్చిలో పెద్ద పదవి పొందాడు; తల్లి చరిత్రలో ఒక పేరుగా మిగిలింది. బ్రూనెలెస్కి రూపకల్పన చేసిన అనాథ శిశు ఆశ్రమం 1445లో తలుపులు తెరిచింది. అక్కడ వదిలిపోయిన పసికందుల్లో యజమానుల వల్ల బానిస స్త్రీలకు పుట్టినవాళ్లు చాలామంది. ఆ స్తంభాల అందాన్ని వర్ణించే పాఠం ఈ బిడ్డల గురించి ఒక్క ముక్క చెప్పదు.

కులమూ బానిసత్వమూ ఒకటేనని నేననడం లేదు. రెంటి నిర్మాణం వేరు. కానీ బంధం ఉంది. ‘క్యాస్ట్’ అనే మాటకు మూలం వంశం, జాతి అని అర్థమొచ్చే పోర్చుగీసు ‘కాస్తా’. సముద్రం దాటి వచ్చిన పోర్చుగీసువాళ్లు మన సమాజాన్ని చూసి వాడిన మాట అది. ఇక 1873లో జోతిరావు ఫూలే ‘గులాంగిరి’ని అమెరికాలో నల్లవాళ్ల బానిసత్వాన్ని రద్దు చేయడానికి పోరాడినవాళ్లకు అంకితమిచ్చాడు. ఆ పోలికను మొదట గుర్తుపట్టింది విశ్వవిద్యాలయాలు కాదు, ఫూలే.

2009లో లాగోస్‌లో భూగర్భ కార్ పార్కింగ్ కోసం తవ్వుతుంటే పాత కోట గోడ బయట, ఊరి చెత్తకుప్పలో 150కి పైగా ఆఫ్రికన్ల అస్థిపంజరాలు బయటపడ్డాయి. కొందరి చేతులు కట్టేసినట్టు ఉన్నాయి. ఊరి బయట పారేసిన శవాలు శతాబ్దాల పాటు ఆగి సాక్ష్యమిచ్చాయి.

సాహిత్య విద్యార్థులకు ఒక మాట. మనవాళ్లు రాసుకున్న చరిత్ర దొరకదని నిరాశపడకండి. రాజును పొగిడే పుస్తకంలోనే నాచు కింద బిడ్డను దాచిన తల్లి దొరికింది. మన కావ్యాలనూ, శాసనాలనూ, కైఫీయతులనూ అలాగే చదవండి. దానమిచ్చిన రాజు పేరు దగ్గర ఆగకుండా, దానంగా పోయింది ఎవరి భూమి, ఎవరి చాకిరీ అని అడగండి. రేపు పరీక్షలో పునరుజ్జీవనం ప్రశ్న వస్తే గుమ్మటం గురించి రాయండి, గ్రంథాలయం గురించి రాయండి. ఆ పక్కనే ఆగస్టు 8 గురించి కూడా రెండు వాక్యాలు రాయండి.

జై భీమ్.