నేల తాకిన తరువాత

యానాంలో గానీ, మన మెట్టకూరులో గానీ విమానం దిగే మైదానం లేదు. అయినా ఈనాటి ముచ్చట గోదావరి పాయల్లో పడవ నడిపేవారికి ఇట్టే అర్థమవుతుంది. పడవ వేగం తగ్గిందంటే చుక్కాని మాట వినదు కదా! తోకచక్రం ఉన్న చిన్న విమానాలకు వచ్చిన చిక్కు కూడా అదే.

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహమ్మదాబాద్ మీదుగా బొంబాయికి టపా తెచ్చారు. అక్కడ అందుకున్న నెవిల్ విన్సెంట్ పస్ మాత్ అనే చిన్న విమానంలో బళ్ళారి చేరి, రాత్రి ఆగి, మర్నాడు మద్రాసు వెళ్ళారు. బళ్ళారి అప్పుడు మద్రాసు రాజధానిలోని జిల్లా. తెలుగు, కన్నడం కలగలిసిన ఆ నేల 1953లో మైసూరు రాష్ట్రానికి పోయింది. దారి చెప్పే రేడియో లేని రోజులవి. అందరూ ఆ ఎగరడాన్నే మెచ్చుకుంటారు. నాకు మాత్రం దిగడమే ఎక్కువ కష్టమనిపిస్తుంది.

ఎందుకంటారా? ఈ రకం విమానానికి రెండు పెద్ద చక్రాలు ముందు, తోక కింద చిన్న ఆధారం ఒకటి. బరువంతా పెద్ద చక్రాలకు కాస్త వెనుక ఉంటుంది. నేలమీద పరుగెత్తేటప్పుడు ముక్కు ఏ కొంచెం పక్కకు తిరిగినా, వెనుక బరువు తోసుకుంటూ ముందుకు రాబోతుంది. బాణాన్ని ఈకలు ముందుకు పెట్టి వదిలితే అది తిరగబడదూ, అలాగే. వేగం తగ్గేకొద్దీ చుక్కానికి గాలి ఆనదు. విమానం గిర్రున తిరుగుతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అన్నారు. చాలాసార్లు ప్రాణం దక్కుతుంది గానీ రెక్క కొస నేలకు రాసుకుంటుంది, చక్రం కాలు విరుగుతుంది. ముందుచక్రాలు గట్టిగా తగిలితే మరో గొడవ: తోక కిందికి జారి, రెక్క పైకి లేచి, విమానం మళ్ళీ గాల్లోకి ఎగిరి, వేగం చాలక దబ్బున పడుతుంది. పైగా ముక్కు పైకెత్తి ఉండటంతో పైలట్‌కు ఎదుట ఏముందో కనబడదు.

మరి పాతవాళ్ళు ఎలా నెట్టుకొచ్చారు? నేల సాయపడింది. అప్పటి మైదానాలు చాలావరకు నలువైపులా తెరిచిన గడ్డినేలలు. గాలి ఎటునుంచి వస్తే అటే ముఖం పెట్టి దిగవచ్చు. మెత్తని నేల తోకను పట్టి ఉంచేది. తరువాత తారు, కాంక్రీటు బాటలు వచ్చాయి. బాట ఒక దిక్కుకే; గాలి మాత్రం దాని ఇష్టం! పక్కగాలి తోకను నెడితే ఆపడానికి పైలట్ కాళ్ళే దిక్కు. తప్పును విమానం మీదికి తోయడం తేలిక, కానీ మారింది నేల.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాదు బేగంపేటలో కుర్రవాళ్ళు టైగర్ మాత్ మీద ఈ విద్యే నేర్చుకున్నారు. బెంగుళూరులో తయారై 1951లో తొలిసారి ఎగిరిన హెచ్.టి.-2, 1958లో ఎగిరిన పుష్పక్, రెండూ తోకచక్రాలవే. పుష్పక్ ఫ్లయింగ్ క్లబ్బుల విమానం. హెచ్.టి.-2 స్థానంలో వైమానిక దళానికి వచ్చిన హెచ్.పి.టి.-32కు చిన్నచక్రం ముక్కు కిందికి చేరింది. బరువు పెద్ద చక్రాలకు ముందు పడింది; పక్కకు జారినా విమానం తనంతట తానే తిన్నబడుతుంది.