గాలికుంటు వ్యాధి: ఉచిత టీకా ఉన్నా పశువులకు ఎందుకు వస్తోంది? ఊళ్లో మీవాళ్లకు ఏం చెప్పాలి?

పొద్దున ఊళ్లో అమ్మకు ఫోన్ చేశారు. మాటల మధ్యలో ‘‘ఎనుము రాత్రి నుంచి మేత ముట్టడం లేదు, నోట్లోంచి చొంగ కారుతోంది, కాలు కూడా కుంటుతోంది’’ అంది. మీరేమో బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉన్నారు. ఏం చెప్పాలి?

వెంటనే చెప్పాల్సినవి ఇవి. దాన్ని మిగతా పశువులకు దూరంగా కట్టేయమనండి. దాన్ని ముట్టుకున్న చేతులతో పక్క పశువు పాలు పితకొద్దనండి. ఊరి పశుసంవర్ధక సహాయకుడికి గానీ, 1962 టోల్‌ఫ్రీ నంబరుకు గానీ ఫోన్ చేయమనండి. ఎందుకంటే ఈ మూడు లక్షణాలూ కలిసి కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది గాలికుంటునే. ఒక కొట్టంలో మొదలైతే రోజుల్లోనే ఊరంతా పాకే జబ్బు ఇది.

కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలోని కలమల్ల పేరు వినగానే చాలామందికి రెండే గుర్తొస్తాయి. ఒకటి క్రీ.శ. 575 నాటిదిగా చెప్పే ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి తెలుగు శాసనం, రెండోది రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం. అయితే అక్కడి నుంచి ఇటు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, అటు పులివెందుల దాకా ఉన్న పల్లెల్లో వానలు ముఖం చాటేసిన ఏడాది ఇంటిని నిలబెట్టేది రెండు ఎనుములో, ఓ గొర్రెల మందో. ఈ జబ్బు సంగతి ఆ పల్లెలను దృష్టిలో పెట్టుకుని చూద్దాం.

అసలు ఇదేం జబ్బు?

గిట్టలు చీలి ఉండే పశువులన్నిటికీ వచ్చే వైరస్ జబ్బు ఇది. ఆవులు, గేదెలు, ఎద్దులు, గొర్రెలు, మేకలు, పందులు ఏవీ మినహాయింపు కాదు. 1898లో జర్మనీ శాస్త్రవేత్తలు లోఫ్లర్, ఫ్రోష్ దీని కారకాన్ని గుర్తించారు. జంతువుల్లో వైరస్ వల్ల జబ్బు వస్తుందని తొలిసారి తేలింది గాలికుంటు విషయంలోనే.

వైరస్ సోకిన 2 నుంచి 14 రోజుల్లో లక్షణాలు బయటపడతాయి. ముందు 104 డిగ్రీలు, అంతకు మించి జ్వరం. తర్వాత నాలుక మీద, చిగుళ్ల మీద, గిట్టల మధ్య, చనుకట్ల మీద నీటి పొక్కులు. అవి చితికి పుండ్లవుతాయి. నోరు మండి మేత తినలేదు, చొంగ తీగలుగా కారుతుంది, గిట్టల నొప్పికి నిలబడలేదు.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. పెద్ద పశువులు ఈ జబ్బుతో చనిపోవడం తక్కువ. ‘‘రెండు వారాల్లో అదే తగ్గిపోతుందిలే’’ అనుకోవడానికి అదే కారణం. తగ్గుతుంది నిజమే. తర్వాత సంగతే అసలు నష్టం. పూటకు నాలుగు లీటర్లు ఇచ్చే గేదె ఆ ఈతలో మళ్లీ ఆ స్థాయికి రాకపోవచ్చు. చనుకట్ల పుండ్ల వల్ల పొదుగువాపు వస్తే ఒక చన్ను పూర్తిగా ఎండిపోవచ్చు. కొన్ని పశువులు కోలుకున్నాక కూడా ఎండకు తట్టుకోలేక రొప్పుతుంటాయి. మే నెలలో 42 డిగ్రీలు దాటే కడప జిల్లాలో అలాంటి పశువును మేపడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. ఎదకు రాకపోవడం, చూడి నిలవకపోవడం, ఈసుకుపోవడం అదనం. లేగదూడల సంగతి వేరు. వైరస్ గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. నోట్లో పొక్కైనా కనిపించకముందే దూడ ఉన్నట్టుండి కుప్పకూలుతుంది.

పాలు తాగొచ్చా? పిల్లలకు వచ్చేది ఇదేనా?

నగరాల్లో ఎక్కువగా అడిగేది ఇదే. స్కూల్ పిల్లలకు చేతులు, కాళ్లు, నోట్లో పొక్కులొచ్చే ‘హ్యాండ్, ఫుట్ అండ్ మౌత్’ జబ్బు వేరు. దాని వైరస్‌లు వేరు, అది మనుషుల నుంచి మనుషులకు వస్తుంది. పశువుల గాలికుంటును మనుషుల ఆరోగ్యానికి ముప్పుగా పరిగణించరు. కాచిన పాలు, పాశ్చరైజ్ చేసిన ప్యాకెట్ పాలు తాగొచ్చు. అయితే జబ్బు చేసిన పశువు పచ్చి పాలు దూడకు పట్టకూడదు. ఆ పాలలో వైరస్ ఉంటుంది.

ఎలా పాకుతుంది?

చొంగ, పాలు, పేడ, పుండ్ల రసి, ఊపిరి అన్నిటి ద్వారానూ. చల్లటి, తేమ వాతావరణంలో గాలిలో కూడా దూరం పోతుంది. మన ఎండల్లో మాత్రం దీన్ని ఊళ్లు దాటించేది ఎక్కువగా మనమే. సంతలో కొన్న పశువును అదే రోజు కొట్టంలో మిగతావాటి పక్కన కట్టేస్తాం. ఒకే తొట్టిలో ఊరి పశువులన్నీ నీళ్లు తాగుతాయి. జబ్బు పశువును చూడటానికి వెళ్లిన చుట్టం చెప్పులతోనే వైరస్‌ను తన ఇంటికి తీసుకెళ్తాడు. జాతరలప్పుడు జరిగే బండలాగుడు పోటీలకు వేరే జిల్లాల నుంచి ఎద్దులొస్తాయి, ఒకే చోట కట్టేస్తారు, మర్నాడు తలోదారి పోతాయి.

గొర్రెల గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 1.76 కోట్ల గొర్రెలున్నాయి. దేశంలో తెలంగాణ తర్వాత మనదే రెండో స్థానం. సీమలో ఎరువు కోసం రాత్రిపూట పొలంలో మందను ఆపించుకునే అలవాటు ఉంది. మేత వెతుక్కుంటూ మందలు ఊరి నుంచి ఊరికి, ఒక్కోసారి జిల్లాలు దాటి పోతాయి. గొర్రెల్లో గాలికుంటు లక్షణాలు చాలా తేలిగ్గా ఉంటాయి. ఒకటి రెండు కుంటితే ముల్లు గుచ్చుకుందేమో అనుకుంటారు. పైకి ఆరోగ్యంగా కనిపించే మందే రాత్రికి రాత్రి జబ్బును పక్క ఊరి ఎనుములకు అంటించి పోవచ్చు. జాతీయ పథకంలో గొర్రెలు, మేకలు కూడా ఉన్నాయి. ఊళ్లలో జరిగే టీకా డ్రైవ్ మాత్రం ప్రధానంగా ఆవులు, గేదెల చుట్టూనే తిరుగుతోంది.

టీకా ఏం చేస్తుంది? ఏడాదికి రెండుసార్లు ఎందుకు?

గాలికుంటు వైరస్‌లో ఏడు రకాలున్నాయి. భారత్‌లో ఇప్పుడు తిరుగుతున్నవి మూడు: ‘ఓ’, ‘ఎ’, ‘ఆసియా-1’. ఒక రకం నుంచి కోలుకున్న పశువుకు ఇంకో రకం మళ్లీ రావచ్చు. అందుకే మన టీకాలో మూడు రకాలనూ కలుపుతారు. ‘పోయినేడు వచ్చింది కాబట్టి ఇక రాదు’ అనే మాట నమ్మొద్దు.

ఒకసారి వేస్తే జీవితాంతం పనిచేసే టీకా కాదిది. దీని రక్షణ సుమారు ఆరు నెలలు. దూడకు నాలుగు నెలలు నిండాక మొదటి డోసు, నెల తర్వాత బూస్టర్, ఆ తర్వాత ప్రతి ఆరు నెలలకు ఒకటి. వేసిన మర్నాడే రక్షణ రాదు, కొన్ని రోజులు పడుతుంది. పక్క ఊళ్లో జబ్బు వచ్చిందని తెలిశాక పరుగులు తీస్తే ఆలస్యమైనట్టే.

జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమానికి కేంద్ర కేబినెట్ 2019 మే 31న ఆమోదం తెలిపింది. గాలికుంటు, బ్రూసెల్లోసిస్‌ల కోసం ఐదేళ్లకు రూ.13,343 కోట్లు కేటాయించింది. అదే ఏడాది సెప్టెంబరు 11న మథురలో ప్రధాని మోదీ దీన్ని ప్రారంభించారు. 2025 నాటికి టీకాలతో అదుపు, 2030 నాటికి నిర్మూలన అన్నది లక్ష్యం. రైతు పైసా చెల్లించక్కర్లేదు. సూది వేయించుకున్న పశువు చెవికి 12 అంకెల ట్యాగ్ ఉంటుంది. టీకా తయారీలో దేశంలో పెద్ద పేరున్న ఇండియన్ ఇమ్యునోలాజికల్స్‌ది హైదరాబాదే. మీరు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తుంటే దాని గేటు ముందు నుంచే రోజూ పోతూ ఉండొచ్చు.

ఊళ్లో నూటికి 80 పశువులకు గట్టి రక్షణ ఉంటే వైరస్‌కు దారి దొరకడం కష్టమన్నది లెక్క. అందుకే తక్కువ రోజుల్లో, ఊరంతటికీ ఒకేసారి వేయాలని చూస్తారు. మీ నాన్న తన రెండు ఎనుములకు వేయించి, వీధిలో మిగతావాళ్లు వద్దంటే, ఆ రెండింటి రక్షణ కూడా పలచబడుతుంది.

మరి ఎక్కడ తప్పుతోంది?

మొదటిది, పాల భయం. సూది వేశాక రెండు మూడు రోజులు పాలు కాస్త తగ్గొచ్చు, ఒళ్లు వెచ్చబడొచ్చు, సూది వేసిన చోట గడ్డ కట్టొచ్చు. పాల డబ్బుతోనే వారం గడిచే ఇంట్లో ఆ రెండు లీటర్లు చిన్న విషయం కాదు. నగరంలో కూర్చుని ‘అవగాహన లేదు’ అనేయడం తేలిక. జబ్బు వస్తే పోయేది రెండు రోజుల పాలు కాదు, ఆ ఈత మొత్తం అని లెక్క వేసి చెబితే ఎక్కువమంది వింటారు. ఆ మాట చెప్పాల్సింది మీరు, ఎందుకంటే ఇంట్లో వాళ్లు మీ మాట వింటారు.

చూడి పశువుల విషయంలో భయం ఇంకా ఎక్కువ. ఈనడానికి బాగా దగ్గరపడ్డ వాటికి ఆ విడతలో వేయరు, ఈనాక వేయించాలి. ఆ ‘ఈనాక’ అన్నది చాలా ఇళ్లలో మరుగున పడిపోతుంది.

రెండోది, సమయం. పొద్దెక్కితే పశువులు మేతకు పోతాయి. టీకా వేసేవాళ్లు పది గంటలకు వస్తే కొట్టంలో దూడలే ఉంటాయి.

మూడోది దూడల బూస్టర్. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లోపం ఇదే. విడత ఆరు నెలలకోసారి వస్తుంది, దూడకు కావాల్సింది నెలకు రెండో సూది. టీకా బృందం వెళ్లిపోయాక దాన్ని గుర్తుపెట్టుకునేవాళ్లెవరు? రికార్డులో ఆ దూడకు ‘టీకా వేశారు’ అని ఉంటుంది, ఒంట్లో మాత్రం రక్షణ అరకొరగా ఉంటుంది.

ఇంకా చల్లదనం సంగతి. టీకాను తయారీ నుంచి సూది దాకా 2-8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడెక్కినా చెడుతుంది, గడ్డకట్టినా చెడుతుంది. ఐస్ బాక్స్ లేకుండా ఎవరైనా జేబులో సీసా పెట్టుకుని వస్తే అడిగే హక్కు మీవాళ్లకు ఉంది.

పనిచేస్తుందో లేదో పైవాళ్లు కూడా చూస్తారు. కొన్ని పశువుల రక్తం టీకాకు ముందు, తర్వాత తీసి పరీక్షిస్తారు. టీకా వల్ల వచ్చిన రక్షణా, జబ్బు వల్ల వచ్చిందా అని విడదీసి చెప్పే పరీక్షలున్నాయి. గాలికుంటుకు జాతీయ సంస్థ భువనేశ్వర్ దగ్గర ఉంది. ఏ రకం వైరస్ తిరుగుతోందో, టీకాలోని రకం దానికి సరిపోతోందో చూసేది అక్కడే.

నిజంగా పోతుందా?

ముసర వ్యాధి పోయింది కదా. ఒకప్పుడు ఊళ్లకు ఊళ్ల పశువుల్ని తుడిచిపెట్టిన ఆ జబ్బు ప్రపంచంలోనే లేదని 2011లో ప్రకటించారు. దానికి ఒక్క టీకా చాలాకాలం పనిచేసేది. గాలికుంటు అంత తేలిగ్గా లొంగదు. కోలుకున్న పశువుల గొంతులో వైరస్ నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఉంటుంది. 2013లో కర్ణాటకతో పాటు దక్షిణాది రాష్ట్రాల్లో విజృంభించినప్పుడు వేల పశువులు చనిపోయాయి. అప్పటికే ఎన్నో జిల్లాల్లో టీకా కార్యక్రమం నడుస్తోంది. 1988 తర్వాత ఒక్క కేసూ లేని జర్మనీలో 2025 జనవరిలో బెర్లిన్ పక్కన మళ్లీ బయటపడింది. అదీ గేదెల్లోనే. అక్కడ జబ్బు వచ్చిన మందను చంపేస్తారు. బ్రిటన్‌లో 2001లో 60 లక్షలకు పైగా పశువులను అలాగే చంపారు. మన దగ్గర ఆ పద్ధతి లేదు. కాబట్టి మనకు టీకా తప్ప వేరే దారి లేదు.

మీవాళ్ల పశువుకు వేశారో లేదో ఎలా తెలుసుకోవాలి?

చెవి ట్యాగ్‌ను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. ఆ 12 అంకెల మీదే ‘భారత్ పశుధన్’ వ్యవస్థలో టీకాల వివరాలు నమోదవుతాయి. రైతుల కోసం ‘1962 ఫార్మర్స్’ యాప్ ఉంది. యాప్‌తో తంటాలు ఎందుకనుకుంటే రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడిని అడిగితే చెబుతారు. ట్యాగ్ ఊడిపోతే కొత్తది వేయించాలి, లేకపోతే పాత వివరాలకు పశువుకు లంకె తెగిపోతుంది. టీకా విడతలు మామూలుగా వేసవి ముదరకముందు ఒకటి, వానాకాలం చివర ఒకటి ఉంటాయి. తేదీలు మారుతుంటాయి. దూడకు మొదటి సూది పడిన రోజే, నెల తర్వాతి తేదీకి మీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

జబ్బు వచ్చేసింది, ఇప్పుడేం చేయాలి?

ప్రొద్దుటూరు దగ్గర గోపవరంలో పశువైద్య కళాశాల ఉంది కదా అని పశువును ఆటో ఎక్కించొద్దు. దారి పొడవునా వైరస్ చల్లుకుంటూ పోయినట్టవుతుంది. వైద్యుడినే రప్పించుకోవాలి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

వైరస్‌ను చంపే మందు లేదు. పుండ్లు చీము పట్టకుండా చూసుకోవడమే వైద్యం. లీటరు నీళ్లలో గ్రాము పొటాషియం పర్మాంగనేట్ కలిపి నోరు, గిట్టలు కడగాలి. నోటి పుండ్లకు బోరో గ్లిజరిన్ రాయొచ్చు. గిట్టల మీద ఈగలు వాలితే పురుగులు పడతాయి, వేపనూనె రాస్తే మేలు. మేతకు బదులు అంబలి, గంజి, లేత పచ్చిగడ్డి పెట్టాలి. యాంటీబయాటిక్ సూదులు వైద్యుడు చెబితేనే. కొట్టం, తొట్టి, చెప్పులు కడగడానికి లీటరు నీటికి 40 గ్రాముల చాకలి సోడా కలిపిన నీళ్లు సరిపోతాయి. జబ్బు పశువు పనులు అన్నిటికంటే చివర చేసుకోవాలి.

జబ్బు వచ్చిన పశువును సంతకు తోలి వదిలించుకోవాలని చూడటం నేరం. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం యజమాని వెంటనే సమాచారం ఇవ్వాలి, పశువును విడిగా ఉంచాలి. సమాచారం అందితే చుట్టుపక్కల ఊళ్లలో ఆరోగ్యంగా ఉన్న పశువులకు బయటి నుంచి లోపలికి వలయంలా టీకాలు వేసుకుంటూ వస్తారు. ఎంత త్వరగా తెలిస్తే ఆ వలయం అంత చిన్నదిగా ఉంటుంది.