కుంగిన గచ్చు, ఎగుడుదిగుడైన వాకిలి: చంద్రపూర్ ఇళ్ళలో మరమ్మతు ఎలా?

వానాకాలం వెళ్ళాక మన ఇళ్ళలో తరచూ కనిపించే దృశ్యమే ఇది. గోడ పక్క కాంక్రీట్ పట్టీ పగిలి ఉంటుంది, వాకిట్లో గచ్చు ఒక పక్కకు వాలుతుంది, నీళ్ళు ఇంటి వైపే వస్తాయి. మేస్త్రీని పిలిచి పైన సిమెంట్ పూయిస్తే మళ్ళీ వానాకాలానికి అదే కథ. ముందు కారణం తెలుసుకుందాం.

ఎందుకు కుంగుతుంది?

చంద్రపూర్ జిల్లాలో చాలా చోట్ల నేల నల్లరేగడి. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని బీటలు వారుతుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే వేడి, తర్వాత కుండపోత వాన. ఈ మార్పుకు తేలికైన కాంక్రీట్ పలకలు లేచి పడుతుంటాయి. దీనికి డాబా నీళ్ళు గోడ మొదట్లో పడటం, కుళాయి పైపు కారడం, పునాది పక్కన పెద్ద చెట్టు తోడైతే నష్టం పెరుగుతుంది.

ముందు చూడాల్సినవి

- ఇనుప కడ్డీతో గచ్చు మీద తట్టండి. డొల్ల శబ్దం వస్తే కింద మట్టి జారిందన్నమాట.
- బీట చివర పెన్సిల్‌తో గీత పెట్టి తేదీ రాయండి. నెలకోసారి చూస్తే పెరుగుతోందో లేదో తెలుస్తుంది.
- బీట గచ్చుకే పరిమితమా, గోడకు కూడా పాకిందా? తలుపులు బిగుసుకుంటున్నాయా? అలాగైతే అది గచ్చు పని కాదు, పునాది సంగతి. ఇంజనీర్‌ను పిలవాలి.

మరమ్మతు

గచ్చు గట్టిగా ఉండి అర అంగుళం లోపు తేడా ఉంటే, పైభాగాన్ని గరుకుగా చెక్కి, కడిగి, తడిపి, సిమెంట్ పాలు పూసి సమం చేయించవచ్చు. నున్నటి గచ్చు మీద పలుచగా పూసిన పూత నిలవదు.

డొల్లగా ఉంటే పగలగొట్టి మళ్ళీ వేయడమే మేలు. సిమెంట్ గుజ్జును పంపుతో కిందికి ఎక్కించి పలకను లేపే పద్ధతి ఉన్నా, నల్లరేగడి అలాగే ఉంటే ఆ పలక మళ్ళీ కదులుతుంది.

1. కింది నల్లమట్టిని అడుగు, అడుగున్నర లోతు తీసేయండి.
2. మొరం (ఇక్కడి మేస్త్రీల మాటలో మురుం) ఆరేసి అంగుళాల వరసలుగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టించండి. ఉబ్బని మట్టి పొర ఈ నేలకు మందు అన్న పద్ధతిని ఐఐటీ బొంబాయి ఆచార్యుడు ఆర్.కె. కట్టి అభివృద్ధి చేశారు.
3. పైన నాలుగు అంగుళాల కాంక్రీట్ వేసి, ఎనిమిది పది అడుగులకొక కోత పెట్టండి. గోడకూ పలకకూ మధ్య సందు వదిలి తారుతో నింపండి.
4. ఇంటి నుంచి బయటికి ప్రతి 50 అంగుళాలకు కనీసం ఒక అంగుళం వాలు ఉండాలి.

మన దగ్గర దొరికే సిమెంట్‌లో బూడిద కలిసిన రకమే ఎక్కువ. వేడి వాతావరణంలో ఇలాంటి సిమెంట్‌కు 14 రోజులు తడిపి ఉంచాలని ఐ.ఎస్. 456 సిఫారసు. తడి గోనె సంచులు కప్పితే సరిపోతుంది.

మే నెలలో ఈ పని పెట్టుకోవద్దు. అప్పుడు నేల పూర్తిగా ముడుచుకుని ఉంటుంది, జూన్‌లో ఉబ్బి పైకి తోస్తుంది. వానలు తగ్గి నేల కొంత ఆరాక, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువు.

ఎప్పుడు మరమ్మతు చేయకూడదు?

ఈ జిల్లాలో బొగ్గు తవ్వకం 1870ల నాటి వరోరా గనులతో మొదలైంది. పాత భూగర్భ గనుల మీద ఇళ్ళున్న చోట నేల ఒక్కసారిగా కుంగవచ్చు. 2022 ఆగస్టులో ఘుగ్గుస్ ఆమరాయి వార్డులో ఒక ఇల్లు అలాగే భూమిలోకి దిగిపోయింది. ఇంట్లోవాళ్ళు ముందే బయటికి రావడంతో ప్రాణాలు దక్కాయి. చుట్టుపక్కల కుటుంబాలను వేరే చోటికి తరలించారు.

గుండ్రంగా గుంట పడటం, నేల అదరడం, బావి నీళ్ళు హఠాత్తుగా తగ్గడం, గంటల్లోనే బీటలు పెరగడం కనిపిస్తే గుంట పూడ్చే ప్రయత్నం చేయకండి. అందరూ బయటికి వచ్చి, పక్కింటివాళ్ళకు చెప్పి, పోలీసులకు, తహసీల్ కార్యాలయానికి, దగ్గరి వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏరియా కార్యాలయానికి తెలియజేయండి. తర్వాత రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు దాచుకోండి. తేదీతో తీసిన ఫొటోలు పరిహారం అడిగేటప్పుడు పనికొస్తాయి.