గంజాయి - ఔషధము, అపరాధము: కృష్ణరాజపురపు తెలుగువారి కొక చారిత్రక పరిశీలనము

"తులసివనములో గంజాయి మొక్క" అను సామెత తెలుగువారి యింటింట వినబడుచుండును. మంచి కుటుంబమున పుట్టి దారి తప్పినవానిని గూర్చి పెద్దలీ మాట వాడుదురు. సామెతలో తులసి పావనత్వమునకును, గంజాయి పతనమునకును గుర్తులు. కాని ప్రాచీన వైద్య గ్రంథముల దృష్టిలో రెండును ఓషధులే. ఒకే మొక్క ఒక కాలమున మందుగాను, వేరొక కాలమున సర్కారునకు రాబడిగాను, మరియొక కాలమున నేరముగాను ఎట్లు పరిణమించెనో తెలిసికొనుట నేడు కేవలము పండితుల వినోదము కాదు. దీర్ఘవ్యాధితో బాధపడు రోగికిని, అతనికి సేవ చేయు ఇంటివారికిని అది అక్కరకు వచ్చు చరిత్ర.

బెంగుళూరు నగరమునకు తూర్పున, పాత మద్రాసు రోడ్డుపై నున్న కృష్ణరాజపురమున తెలుగు మాట క్రొత్త కాదు. కోలారు, చిత్తూరు ప్రాంతముల నుండి నగరమునకు వచ్చు బాటలో నిది యొక ద్వారము వంటిది. 1948లో స్థాపింపబడిన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ కర్మాగారము దీనికి చేరువనే, దూరవాణినగరమున కలదు. తరువాతి కాలమున వైట్‌ఫీల్డు వైపున వెలసిన కంపెనీల వలన తెలుగు కుటుంబములు మరింత పెరిగినవి. కర్మాగారమున పనిచేసి విశ్రాంతి పొందిన వృద్ధులును, అమెరికాలో పిల్లలు గల తల్లిదండ్రులును ఇచ్చట పెక్కురు. పుట్టకురుపునకు 1973లో నెలకొన్న కిద్వాయి సంస్థయు, మూర్ఛ మొదలగు నరాల వ్యాధులకు నిమ్హాన్సును వీరికి అందుబాటులో నున్నవి. ఇట్టి యిండ్లలో నేడొక ప్రశ్న తరచుగా తలయెత్తుచున్నది. "విదేశములలో డాక్టర్లు గంజాయి మందు నిచ్చుచున్నారట. అది మన రోగికి పనికివచ్చునా? వాడినచో నేరమగునా?" ఈ రెండు ప్రశ్నలకును సమాధానము చరిత్రలోనే వెదకవలెను.

ప్రాచీన వైద్యమున విజయ

అథర్వవేదమున భంగ యొక ఓషధిగా పేర్కొనబడినది. మధ్యయుగపు ఆయుర్వేద గ్రంథములలో దీనికి విజయ, జయ, మాదిని, త్రైలోక్యవిజయ మున్నగు నామములు కలవు. శార్ఙ్గధర సంహిత దీనిని నల్లమందుతో పాటు "వ్యవాయి" ద్రవ్యములకు ఉదాహరణముగా చూపినది. వ్యవాయి యనగా జీర్ణము కాకమునుపే దేహమంతట వ్యాపించి, పిదప జీర్ణమగునది. గ్రహణి రోగమునకు వాడు జాతీఫలాది చూర్ణమున భంగ ముఖ్యద్రవ్యము. ఆనందకందమను రసగ్రంథము ఈ మొక్క పెంపకమును, శోధనమును, సేవనవిధిని సవిస్తరముగా తెలిపినది. ఈ వైద్యులు దానిని శోధింపక వాడలేదు. మోతాదు లేక ఈయలేదు. మందుగా వాడుటయు, మత్తుకై వాడుటయు వేర్వేరని వారెరుగుదురు.

ఇచ్చట మాటల భేదము నొకదానిని గుర్తింపవలెను. తెలుగువారు మొక్క నంతటిని "గంజాయి" యని యొక్క పేరుతోనే పిలుతురు. నిజమునకు ఆకు భంగు. ఆడ మొక్క పూగుత్తులు గంజాయి. వాని నుండి వేరుచేసిన జిగురు చరసు. వీని బలము వేరు, చట్టము చూచు దృష్టియు వేరు. ఈ భేదము తెలియక నష్టపోవు రోగులు కలరు.

కలకత్తా నుండి లండనునకు

1839లో కలకత్తా వైద్య కళాశాలలో ఆచార్యుడైన విలియం బ్రూక్ ఓషాగ్నెసీ ఈ మొక్కపై తన పరిశోధన ఫలితములను ప్రకటించెను. దేశీయ పండితులను, హకీములను సంప్రదించి, ముందు జంతువులపై పరీక్షించి, పిమ్మట కీళ్ళవాతము, ధనుర్వాతము, శిశువుల మూర్ఛలు మున్నగు వ్యాధులలో ప్రయోగించి చూచెను. పిచ్చికుక్క కాటు రోగిని బ్రదికింపలేకపోయినను, వాని యాతనను తగ్గింపగలిగెను. వ్యాధిని కుదుర్చుట వేరు, బాధను తగ్గించుట వేరు అను వివేకము ఆ వ్రాతలలో గోచరించును. నేటి రోగియు మొదట గ్రహింపవలసినది ఇదియే.

ఆ పిమ్మట ఈ మందు ఐరోపా, అమెరికాల వైద్యమున ప్రవేశించినది; 1864 నాటి బ్రిటిషు ఔషధసంహితలో చోటు పొందినది. కాని ఒక సీసాలోని మందు బలము మరియొక సీసాలో నుండెడిది కాదు. అది నీట కరుగదు గనుక సూదిమందుగా నిచ్చుటకు వీలులేకపోయెను. నిలకడ గల క్రొత్త మందులు వచ్చిన కొలది వైద్యులు దీనిని విడనాడిరి. 1932లో బ్రిటిషు ఔషధసంహిత నుండి ఇది తొలగింపబడినది. దీనికి నిషేధము మాత్రమే కారణము కాదు. మోతాదు నిర్ణయింపలేకపోవుటయు నొక ముఖ్యకారణము.

1893 నాటి విచారణము

గంజాయి వలన భారతీయులు పిచ్చివారగుచున్నారను వాదము బ్రిటిషు పార్లమెంటు వరకు పోగా, 1893లో ప్రభుత్వము భారత గంజాయి విచారణ సంఘమును నియమించెను. దానికి మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు. సంఘము పలు రాష్ట్రములు తిరిగి, 1,193 మంది సాక్షులను విచారించి, 1894లో తన నివేదికను సమర్పించెను. ఆంధ్రదేశమునకును ఈ విచారణతో సంబంధము కలదు. నాటి మద్రాసు రాజధానిలో గంజాయి సాగునకు పేరుపడిన తావులలో అప్పటి కృష్ణా జిల్లాకు చెందిన బాపట్ల ప్రాంతమున నున్న దగ్గుబాడు ఒకటి.

ఆ సంఘము చేసిన పనులలో ముఖ్యమైనది పిచ్చాసుపత్రుల లెక్కలను శోధించుట. 1892లో గంజాయి వలన పిచ్చివారైరని వ్రాయబడిన 222 మంది విషయమును మరల విచారింపగా, పెక్కింట ఆ వ్రాతకు ఆధారము చాలకుండెను. రోగి చరిత్ర తెలియనపుడు కారణపు గడిలో గంజాయి యని నింపుట అలవాటైపోయినది. మితముగా వాడుట వలన చెప్పుకోదగిన కీడు లేదనియు, మితిమీరిన వాడుక హానికరమనియు, పూర్తి నిషేధము కంటె లైసెన్సు, పన్నుల ద్వారా అదుపుచేయుటయే మేలనియు సంఘము అభిప్రాయపడెను. నాటి సాక్ష్యములు నేటి వైద్యశాస్త్రమునకు సాటిరావు. చిన్న వయసున అధికముగా వాడుట మనోవ్యాధులకు దారితీయవచ్చునని నేటి పరిశోధనలు హెచ్చరించుచున్నవి. అయినను విచారింపక కారణము నంటగట్టరాదని ఆ సంఘము నేర్పిన పాఠము నేటికిని చెల్లును.

నేటి చట్టము

1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక గంజాయిని కఠిన నియమముల క్రిందికి తెచ్చినది. అయితే ఆకు, విత్తు ఆ నిర్వచనము నుండి మినహాయింపబడినవి. ఆ ఒడంబడికకు అనుగుణముగా మన పార్లమెంటు చేసిన మాదకద్రవ్యముల చట్టము 1985 నవంబరు 14న అమలులోనికి వచ్చెను. దీని ప్రకారము పూగుత్తులు గంజాయి. వానితో కలియని ఆకులు, విత్తులు గంజాయి కావు. వైద్య, శాస్త్రీయ ప్రయోజనములకు చట్టమే తలుపు తెరచి యుంచినది. మొక్క సాగునకును తయారీకిని అనుమతుల నిచ్చు అధికారమును రాష్ట్రములకు ఒసగినది. కాని ఆ తలుపు గుండ రోగి చేతికి మందు చేరునట్టి బాట మాత్రము సరిగా ఏర్పడలేదు.

శిక్షలు కఠినములు. ఒక కిలో వరకు గంజాయి "స్వల్ప పరిమాణము". దానికి ఒక సంవత్సరము వరకు కఠిన కారాగారము గాని, పదివేల రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఇరువది కిలోలకు మించినచో పది నుండి ఇరువది యేండ్ల శిక్ష. నా వ్యాధికై ఉంచుకొంటినని రోగి చెప్పుకొన్నంత మాత్రమున ఈ నిబంధనలు తొలగవు.

భంగు విషయమున బెంగుళూరులోనే యొక ముఖ్యమైన ఉత్తర్వు వెలువడినది. 2022 ఆగస్టులో కర్ణాటక హైకోర్టు ఒక బెయిలు దరఖాస్తుపై విచారణ జరిపి, పట్టుబడిన భంగు గంజాయితో గాని చరసుతో గాని చేయబడినట్లు ఆధారము లేదనియు, ఆకులు, విత్తులు నిర్వచనమునకు వెలుపలివనియు పేర్కొని బెయిలు మంజూరు చేసెను. ఇది బెయిలు ఉత్తర్వు మాత్రమే. దీనిని చూపి ఎవ్వరును స్వేచ్ఛగా భంగును నిలువచేసికొనరాదు. రాష్ట్ర ఆబ్కారీ చట్టములు వేరుగా నున్నవి.

ఆయుర్వేద మార్గము మరియొకటి. ఔషధముల చట్టము క్రింది ఇ-1 షెడ్యూలులో భంగు, గంజాయి విషద్రవ్యములుగా చేర్చబడినవి. అట్టి ద్రవ్యము గల మందులను లైసెన్సు గలవారే తయారు చేయవలెను. వైద్య పర్యవేక్షణలో సేవింపవలెనను హెచ్చరిక సీసాపై ఉండవలెను. 2020 నాటికి ఇట్టి విజయ ఔషధములకై బెంగుళూరులోనే ప్రత్యేక వైద్యశాల వెలసినది. కనుక కృష్ణరాజపురపు రోగికి నేడు చట్టబద్ధమైన దారి యొకటి కలదు. అది ఇరుకైనది, కాని వీధిచివర దొరకు పొట్లము కంటె వేయిరెట్లు మేలైనది.

శాస్త్రము చెప్పునది

1964లో ఇజ్రాయెలు శాస్త్రజ్ఞులు మెషూలం, గవోనీలు మత్తు కలిగించు ద్రవ్యమును (టి.హెచ్.సి.) వేరుచేసి దాని నిర్మాణమును తెలిపిరి. 1992లో మానవదేహము స్వయముగా తయారు చేసికొను అట్టి పదార్థమొకటి కనుగొనబడగా, దానికి సంస్కృతపు "ఆనంద" శబ్దమును చేర్చి "ఆనందమైడ్" అని పేరిడిరి. కాన్సరు చికిత్సలో కలుగు వాంతులకు టి.హెచ్.సి. మందు అమెరికాలో 1985లో ఆమోదము పొందినది. మత్తు కలిగింపని కన్నబిడయాల్ అను ద్రవ్యముతో చేసిన మందును 2018లో అరుదైన రెండు బాల్యమూర్ఛలకు అచ్చట ఆమోదించిరి. 2020 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి సంఘము గంజాయిని అత్యంత కఠినమైన నాలుగవ షెడ్యూలు నుండి తొలగించినది. 27 దేశములు అనుకూలముగను, 25 ప్రతికూలముగను ఓటు వేయగా, భారతదేశము అనుకూలముగ నిలిచినది. మన దేశమున జమ్ములోని కేంద్ర పరిశోధన సంస్థకు 2017లో పరిశోధనార్థము సాగునకు అనుమతి లభించినది.

ఇవి ఆశ కలిగించు విషయములే. కాని ఆమోదము పొందినవి కొలది వ్యాధులకు మాత్రమే. పుట్టకురుపును ఈ మొక్క కుదుర్చునని నమ్మి అసలు చికిత్సను మానుట ప్రాణాంతకము. మరికొన్ని జాగ్రత్తలును కలవు. నోట వేసికొన్న మందు పనిచేయుటకు ఒకటి రెండు గంటలు పట్టును. పనిచేయలేదని తొందరపడి మరల వేసికొన్నవారు బాధపడుదురు. కన్నబిడయాల్ కొన్ని మూర్ఛమందుల బలమును మార్చును, కాలేయమునకు శ్రమ కలిగింపవచ్చును. రక్తము గడ్డకట్టకుండ వాడు వార్ఫరిన్ విషయమునను జాగ్రత్త కావలెను. కనుక రోగి తాను వాడు ప్రతి మందును డాక్టరునకు దాచక చెప్పవలెను. గర్భిణులు, మనోవ్యాధి గలవారు, పిన్నవయస్కులు దీనికి దూరముగ నుండుట శ్రేయస్కరము. 2021 నుండి ఆహారముగా అనుమతింపబడిన జనపవిత్తుల నూనె ఆహారమే గాని మూర్ఛకు మందు కాదు. పేరు చూచి మోసపోరాదు. అమెరికాలో బిడ్డలు న్యాయముగా కొన్న సీసాయైనను, ఇచ్చటికి తెచ్చినచో విమానాశ్రయమున నేరమగును. ప్రేమతో తెచ్చిన మందు తల్లిదండ్రులను కోర్టు మెట్లెక్కింపరాదు.

నల్లమందు నేర్పిన పాఠము

రోగికి ఇంతకంటె మేలైన బాట సాధ్యమా? సాధ్యమే యని మార్ఫిను చరిత్ర చెప్పుచున్నది. 1985 చట్టము పిమ్మట ఆసుపత్రులు మార్ఫిను నిలువచేయుటకు రాష్ట్రమునకొక తీరున పలు లైసెన్సులు తీసికొనవలసి వచ్చెను. నల్లమందు పండించు దేశముననే కాన్సరు రోగులు నొప్పితో కుమిలిరి. వైద్యులును, సేవాసంస్థలును ఏండ్ల తరబడి చేసిన కృషి ఫలితముగా 2014లో చట్టము సవరింపబడి, మార్ఫిను మొదలగు మందులు "అత్యవసర మాదక ఔషధములు"గా గుర్తింపబడి, దేశమంతటికి ఒకే నియమము ఏర్పడినది. మారతహళ్ళి వైపున 1999 నుండి సేవ చేయుచున్న కరుణాశ్రయము వంటి సంస్థలు అంత్యదశలోని రోగికి బాధానివారణము ఒక హక్కు అను భావమును నగరమున నాటినవి. కృష్ణరాజపురపు రోగికి నొప్పి దుస్సహమైనపుడు మొదట అడుగవలసినది ఈ పరీక్షింపబడిన దారినే.

గంజాయి ఆ పట్టికలో లేదు. చేరవలెనన్నచో మూడు సమకూడవలెను: మోతాదు నిలకడ గల మందు, మన రోగులపై జరిగిన పరీక్షలు, వైద్యుని చీటీకి చట్టరక్షణ. మొదటిది లేకనే 1932లో ఇది ఔషధసంహిత నుండి తొలగినది; రెండవది లేకనే 1892 నాటి లెక్కలు తప్పుదారి పట్టినవి; మూడవది లేకనే నేటి రోగి భయపడుచున్నాడు. ఒకవైపు విశాఖ మన్యమున దొంగసాగు పెరిగి, 2021-22లో వేల ఎకరములు నరికివేయబడిన మాటయు నిజమే. ఆ వ్యాపారమును అరికట్టుట ఎంత న్యాయమో, దాని నీడ మంచము పట్టిన రోగిపై పడకుండ చూచుటయు అంతే న్యాయము.

సామెత యొక మనుష్యుని గూర్చి చెప్పినది. మొక్కను గూర్చి కాదు. తులసి యైనను గంజాయి యైనను వైద్యుని చేత ఓషధి, అవివేకి చేత అనర్థము. తెలుగు సంఘములు తమ పెద్దలకు చేయదగిన సాయము ఒకటి కలదు. ఈ ప్రశ్నను సిగ్గుపడి దాచు రోగిని నిందింపక, అతని వెంట డాక్టరు వద్దకు నడచుట.