ఫోన్‌కూ కంప్యూటర్‌కూ ఒకే కోడ్: ఏది ఉమ్మడి, ఏది విడి?

ఒక యాప్‌ను ఆండ్రాయిడ్, ఐఓఎస్, విండోస్, మ్యాక్‌ఓఎస్‌లకు విడివిడిగా రాస్తే ఒకే పనిని నాలుగుసార్లు చేసినట్టే. కొత్త సదుపాయం తేవాలన్నా, లోపాన్ని సరిచేయాలన్నా నాలుగు చోట్లా మార్చాలి. అందుకే కంపెనీలు ఒకసారి రాసిన కోడ్‌ను అన్నిచోట్లా వాడాలని చూస్తాయి. ఏ భాగాన్ని ఉమ్మడిగా ఉంచాలో తేల్చుకోవడమే ఇక్కడ కీలకం.

లోపలి పొర, పై పొర

లెక్కలు, డేటా నిల్వ, సర్వర్‌తో సంప్రదింపులు, ఎన్‌క్రిప్షన్ యాప్ లోపలి పొర. వడ్డీ మొత్తం ఫోన్‌లో ఒకలా, ల్యాప్‌టాప్‌లో మరోలా రాకూడదు కాబట్టి ఈ పొర ఉమ్మడిగా ఉండటమే మేలు. తెర సంగతి వేరు. ఫోన్‌ను వేలితో వాడతాం, కంప్యూటర్‌ను మౌస్, కీబోర్డ్‌లతో వాడతాం. బ్యాటరీ ఆదా కోసం వెనుక నడిచే యాప్‌లను ఫోన్ ఆపేస్తుంది. కంప్యూటర్‌లో ఒకేసారి పలు విండోలు తెరిచి ఉంటాయి.

ప్రధాన పద్ధతులు

తెరతో సహా అంతా పంచుకోవడం మొదటి పద్ధతి. గూగుల్ తెచ్చిన ఫ్లట్టర్ ఇలాంటిదే. 2018 డిసెంబరులో ఫోన్ల కోసం దాని 1.0 వెర్షన్ వచ్చింది. విండోస్, మ్యాక్‌ఓఎస్, లినక్స్‌లకు స్థిరమైన మద్దతు 2022లో లభించింది. బటన్లు, అక్షరాలను అది సొంత ఇంజిన్‌తో గీస్తుంది.

లోపలి పొరను మాత్రమే పంచుకోవడం రెండోది. జెట్‌బ్రెయిన్స్ రూపొందించిన కోట్లిన్ మల్టీప్లాట్‌ఫామ్‌తో ఇది సాధ్యం. సిగ్నల్ సంస్థ ఎన్‌క్రిప్షన్ లైబ్రరీని రస్ట్ భాషలో రాసి ఆండ్రాయిడ్, ఐఓఎస్, డెస్క్‌టాప్ యాప్‌లు మూడింటిలోనూ వాడుతోంది. తెరలను మాత్రం వేర్వేరుగా నిర్మించుకుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ తయారీదారే దారి చూపడం మూడోది. ఐప్యాడ్ యాప్‌లను మ్యాక్‌కు తెచ్చేందుకు ఆపిల్ 2019లో క్యాటలిస్ట్‌ను విడుదల చేసింది.

లోపమూ ఉమ్మడే

కోడ్‌ను పంచుకుంటే అందులోని తప్పు కూడా అన్నిచోట్లకూ చేరుతుంది. ఇందుకు తెలుగుతో ముడిపడిన ఉదాహరణ ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరపు ఒక రూపం తెరపైకి రాగానే ఆపిల్ పరికరాల్లో యాప్‌లు కుప్పకూలాయి. ‘జ్ఞ’కూ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని యూనికోడ్ గుర్తు ఒకటి ఉన్న రూపమది. లోపం అక్షరాలను పేర్చే కోర్‌టెక్స్ట్ అనే భాగంలో ఉంది. ఐఫోన్, మ్యాక్, వాచ్, టీవీ అన్నీ వాడేది ఆ భాగాన్నే. ఫిబ్రవరి 19న నాలుగింటికీ ఆపిల్ దిద్దుబాటు అప్‌డేట్లు ఇచ్చింది.

ఆ ఘటనలో ఉమ్మడి కోడ్ రెండు ముఖాలూ కనిపిస్తాయి. లోపం ఒకేసారి అన్నిటినీ తాకింది, దిద్దుబాటు కూడా ఒకే రోజున అన్నిటికీ అందింది. కాబట్టి ఉమ్మడి భాగానికి పరీక్షలు మిగతావాటికంటే కఠినంగా ఉండాలి. తెలుగులాంటి లిపుల్లోని ఒత్తులు, గుణింతాలు, కనిపించని గుర్తులతోనూ ప్రతి పరికరంపైనా యాప్‌ను నడిపి చూడాలి. ఇంగ్లిష్ అక్షరాలతో ఆగిపోయే పరీక్షలో ఇలాంటి లోపం బయటపడదు.