పాత జబ్బు పదవికి అడ్డమా? ఉపాధ్యక్ష పీఠం చెప్పే చరిత్ర

2025 జూలై 21వ తేదీన భారత ఉపరాష్ట్రపతి జగదీప్ ధన్‌ఖడ్ తమ పదవికి రాజీనామా చేశారు. ఆరోగ్యానికి ప్రాధాన్యమివ్వవలసి ఉన్నదనీ, వైద్యుల సలహాను పాటిస్తున్నాననీ ఆ లేఖలో వ్రాశారు. అంతకు నాలుగు నెలల ముందు ఆయన గుండె సంబంధమైన ఇబ్బందితో ఢిల్లీ ఎయిమ్స్‌లో చికిత్స పొందిన మాట వాస్తవమే. అయినను పార్లమెంటు వర్షాకాల సమావేశాలు మొదలైన రోజునే లేఖ వెలువడడంతో, చెప్పిన కారణం వేరు, అసలు కారణం వేరు అన్న అనుమానాలు దేశమంతటా వినిపించాయి.

ఆ ఖాళీకి జరిగిన ఎన్నికలో ఇద్దరు నిలిచారు. అధికార కూటమి పక్షాన మహారాష్ట్ర గవర్నరు సి.పి. రాధాకృష్ణన్; ప్రతిపక్షాల పక్షాన సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి బి. సుదర్శన్ రెడ్డి. రెండవవారు రంగారెడ్డి జిల్లా ఆకుల మైలారంలో 1946లో జన్మించిన తెలుగువారు. కనుక ఆ మూడు వారాల చర్చ మన ఇళ్ళలోనూ సాగింది. తెలుగువాడు గనుక తెలుగు సభ్యులందరూ ఓటు వేయాలని కొందరన్నారు. ఛత్తీస్‌గఢ్‌లో గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి మావోయిస్టులపైకి పంపడం రాజ్యాంగ విరుద్ధమని 2011లో ఆయన ఉన్న ధర్మాసనం ఇచ్చిన తీర్పును కేంద్ర హోంమంత్రి తప్పుపట్టారు. అది తన సొంత అభిప్రాయం కాదనీ, సుప్రీంకోర్టు తీర్పు అనీ సుదర్శన్ రెడ్డి బదులిచ్చారు. విశ్రాంత న్యాయమూర్తులు రెండు వర్గాలుగా చీలి ప్రకటనలు విడుదల చేశారు. సెప్టెంబరు 9న ఓట్లు లెక్కించగా రాధాకృష్ణన్‌కు 452, సుదర్శన్ రెడ్డికి 300 వచ్చాయి. తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్, జనసేన రాధాకృష్ణన్ పక్షాన నిలువగా, భారత రాష్ట్ర సమితి ఓటింగుకు దూరంగా ఉన్నది.

ఆ ఎన్నికలో ఎవరు గెలవవలసింది అన్నది ఈ వ్యాసానికి విషయం కాదు. నన్ను ఆలోచింపజేసినది మరొకటి. ఆరోగ్యం పేరుతో ఖాళీ అయిన కుర్చీ కోసం జరిగిన చర్చలో భాష, పార్టీ, పాత తీర్పు అన్నీ వచ్చాయి గాని, ఆ పదవికి కావలసిన ఆరోగ్యమెంత, దానిని ఎట్లా తూచాలి అన్న ప్రశ్న మాత్రం నా చెవిన పడలేదు. ఆ ప్రశ్నకు చరిత్రలో సమాధానాలు ఉన్నాయి. కొన్ని మనకు దగ్గరగానే ఉన్నాయి.

రాజ్యాంగం అడిగేది ఎంత?

ఉపరాష్ట్రపతి కాదలచినవారు భారత పౌరులై ఉండాలి; 35 ఏళ్ళు నిండి ఉండాలి; రాజ్యసభ సభ్యత్వానికి తగిన అర్హత కలిగి ఉండాలి; ప్రభుత్వం క్రింద ఆదాయం వచ్చే ఉద్యోగంలో ఉండరాదు. 66వ అధికరణం అడిగేది ఇంతే. రక్తపోటు ఎంత, గుండె ఎట్లా ఉన్నది అని అది అడగదు. చట్టసభలకు పోటీ చేసేవారు నేర కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ప్రమాణపత్రంలో చూపాలి గాని, అందులోనూ ఆరోగ్యానికి గడి లేదు.

పార్లమెంటు సభ్యత్వపు అనర్హతలలో ఒక్కటి మాత్రం వైద్యంతో ముడిపడినది. మతిస్థిమితం లేదని తగిన న్యాయస్థానం ప్రకటించినవారు అనర్హులు. ఇక్కడ పాఠకులు ఒక భేదం గమనించాలి. మానసిక వ్యాధి ఉన్నదని వైద్యుడు నిర్ధారించినంత మాత్రాన ఆ వ్యక్తికి మతిస్థిమితం లేదని భావించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా చెప్పింది. కుంగుబాటుకు మందు వాడుతున్న మనిషి చట్టం దృష్టిలో పూర్తి హక్కులున్న పౌరుడే.

రెండవ కుర్చీకి పని పడే వేళ

మామూలు రోజులలో ఉపరాష్ట్రపతి పని రాజ్యసభకు అధ్యక్షత వహించడం. కాని రాష్ట్రపతి జబ్బుపడినా, మరణించినా రాజ్యభారం ఒక్కసారిగా ఆయన మీద పడుతుంది. 1961లో రాజేంద్ర ప్రసాద్ తీవ్ర అనారోగ్యానికి గురైనప్పుడు రాష్ట్రపతి విధులను సర్వేపల్లి రాధాకృష్ణన్ నిర్వహించారు. 1982 అక్టోబరులో జైల్ సింగ్ గుండె శస్త్రచికిత్సకు అమెరికా వెళ్ళినప్పుడు హిదయతుల్లా ఆ బాధ్యత చూశారు.

1969 మే 3న జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే గుండెపోటుతో కన్నుమూశారు. ఆ రోజే తాత్కాలిక రాష్ట్రపతిగా ప్రమాణం చేసినవారు బరంపురంలో పుట్టిన మన వరాహగిరి వెంకటగిరి. 1977 ఫిబ్రవరి 11న, దేశం ఎమర్జెన్సీలో ఉండగా, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ మరణించారు. బి.డి. జత్తి జూలై 25 దాకా ఆ స్థానంలో ఉన్నారు. కేంద్రంలో ప్రభుత్వం మారిన రోజులవి. తరువాత ఆ పదవి నీలం సంజీవరెడ్డిగారికి వచ్చింది. కనుక ఈ పదవికి మనిషిని ఎంచేటప్పుడు, ఈ రాత్రే భారం పడితే రేపు ఉదయం మోయగలరా అన్నది తప్పక అడగవలసిన ప్రశ్న.

మన జిల్లా వైద్యుడు, ఒక జ్వరం

నాయకుని ఆరోగ్యం రాజకీయ వివాదమైన ఒక పాత సందర్భానికి మన కృష్ణా తీరంతో సంబంధం ఉన్నది. అది ఉపాధ్యక్ష పదవి కాదు. 1939 నాటి కాంగ్రెసు అధ్యక్ష పదవి. మద్రాసులో వైద్యవిద్య చదివి, మచిలీపట్నంలో వైద్యం చేసి, ఆపై జాతీయోద్యమంలోకి వచ్చిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గాంధీజీ మద్దతుతో పోటీలో నిలిచారు. రెండవసారి ఎన్నిక కోరిన సుభాష్ చంద్ర బోస్‌కు 1580 ఓట్లు, పట్టాభికి 1377 ఓట్లు వచ్చాయి. పట్టాభి ఓటమి ఆయన కంటే తనదే ఎక్కువని గాంధీజీ ప్రకటించారు.

మార్చిలో జబల్పూరు వద్ద త్రిపురిలో మహాసభ జరిగేనాటికి బోస్ తీవ్ర జ్వరంతో ఉన్నారు. ఆయనను స్ట్రెచరు మీద తీసుకురావలసి వచ్చింది. అధ్యక్షోపన్యాసాన్ని అన్న శరత్ చంద్ర బోస్ చదివారు. అంత జరిగినా ఆ జబ్బు నటన అనుకున్నవారు ప్రత్యర్థులలో ఉన్నారు. ఆ బాధతో బోస్ తన వింత జబ్బు గురించి ‘మోడర్న్ రివ్యూ’ పత్రికలో ఒక వ్యాసమే వ్రాశారు. ఏప్రిల్ 29న అధ్యక్ష పదవి వదులుకున్నారు. ఆ రాజీనామాకు రాజకీయ కారణాలు వేరే ఉన్నాయి. కాని ధర్మామీటరులో కనిపించే జ్వరాన్ని కూడా పార్టీని బట్టి నమ్మడమో, నమ్మకపోవడమో చేసే అలవాటు మనకు 2025లో కొత్తగా వచ్చినది కాదని ఇది తెలుపుతున్నది.

అమెరికా నేర్పిన రెండు పాఠాలు

అధ్యక్ష అభ్యర్థి తనకు తోడుగా ఉపాధ్యక్ష అభ్యర్థిని ఎంచుకొనే పద్ధతి అమెరికాలో ఉన్నది. ఆ తోడు అభ్యర్థిని వారు ‘రన్నింగ్ మేట్’ అంటారు. 2024 జూలైలో జె.డి. వాన్స్ పేరు ప్రకటించినప్పుడు ఆయన భార్య ఉషా చిలుకూరి పూర్వీకుల ఊరు తణుకు సమీపంలోని వడ్లూరు అని మన పత్రికలు సంబరంగా వ్రాశాయి. ఊరూ వంశమూ తెలుసుకోవడంలో తప్పు లేదు. కాని ఆ పదవి చరిత్రలో మనం నేర్చుకోవలసినది అంతకంటె లోతుగా ఉన్నది.

మొదటి పాఠం 1944 నాటిది. ఆ మార్చిలో హృద్రోగ వైద్యుడు హొవార్డ్ బ్రూయెన్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ను పరీక్షించగా రక్తపోటు 186/108 ఉన్నది. గుండె అలసిపోయి ఉన్నది. ఈ సంగతి ప్రజలకు చెప్పలేదు. వయసుకు తగినట్లు బాగానే ఉన్నారని వ్యక్తిగత వైద్యుడు చెబుతూ వచ్చారు. నాలుగవసారి పోటీకి హెన్రీ వాలెస్‌ను తప్పించి హ్యారీ ట్రూమన్‌ను తోడుగా నిలిపారు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావంతో రూజ్‌వెల్ట్ మరణించారు. అప్పటికి ట్రూమన్ ఉపాధ్యక్షుడై 82 రోజులే. అణుబాంబు తయారీ వివరాలు కూడా అధ్యక్షుడైన తరువాతనే ఆయనకు పూర్తిగా తెలిశాయి. మొదటివాని జబ్బు దాచడం వలన రెండవవాడు సిద్ధం కాలేకపోయాడు.

రెండవ పాఠం 1972 నాటిది. డెమోక్రటిక్ అభ్యర్థి జార్జ్ మెక్‌గవర్న్ జూలై 13న మిస్సోరి సెనేటరు థామస్ ఈగల్టన్‌ను తోడుగా ఎంచుకున్నారు. చాలామంది కాదన్న తరువాత హడావుడిగా జరిగిన ఎంపిక అది. దాచవలసిన సంగతులేమైనా ఉన్నాయా అని అడిగితే లేవన్నారు. కాని 1960, 1964, 1966లలో ఆయన కుంగుబాటుతో ఆస్పత్రిలో చేరారు. రెండు పర్యాయాలు విద్యుత్ చికిత్స తీసుకున్నారు. విషయం పత్రికల వారికి చేరడంతో జూలై 25న తానే బయటపెట్టారు. మెక్‌గవర్న్ మొదట వెయ్యి శాతం అండగా ఉన్నానన్నారు. జూలై 31న తప్పించారు. సార్జెంట్ ష్రైవర్‌ను తెచ్చుకున్నా నవంబరులో 49 రాష్ట్రాలలో ఓడిపోయారు.

ఇక ఆ తరువాతి కథ చూడండి. తగడని తీసివేసిన ఈగల్టన్ 1987 జనవరి వరకు సెనేటులో పనిచేశారు. కాంబోడియాపై బాంబుదాడులు ఆపేందుకు 1973లో ఆయన తెచ్చిన సవరణ నేటికీ ఆయన పేరుతోనే చెప్పుకుంటారు. ఆయనకు ఎదురు పక్షాన గెలిచిన ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ రోగపత్రం గురించి ఎవరూ వేలెత్తి చూపలేదు. లంచాల విచారణలో చిక్కుకొని, పన్ను ఎగవేత అభియోగాన్ని ఎదిరించక, ఆగ్న్యూ 1973 అక్టోబరు 10న రాజీనామా చేశారు. ఆ స్థానంలోకి వచ్చిన జెరాల్డ్ ఫోర్డ్ పది నెలలలో అధ్యక్షుడయ్యారు. ఆగ్న్యూ బయటపడి ఉండకపోతే ఆ కుర్చీ ఆయనదే అయ్యేది. నయమైన జబ్బును భూతద్దంలో చూసిన దేశానికి నడవడిలోని జబ్బు కనబడలేదు.

ఈగల్టన్ తప్పు లేదా అంటే ఉన్నది. అడిగినప్పుడు చెప్పలేదు. కాని చెబితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. చెప్పిన ఆరు రోజులకు అదే జరిగింది. జబ్బు చెప్పినవానిని శిక్షించే సమాజంలో జనం జబ్బును దాచడమే నేర్చుకుంటారు.

మన ఇంటి మాట

కొండపల్లిలో వైద్యం చేసిన కాలంలో నేను ఎక్కువగా చూసినది ఈ దాపరికమే. కుంగుబాటు అని చెప్పగానే, చీటీ మీద ఆ పేరు వ్రాయవద్దని బ్రతిమాలేవారు. ఊళ్ళో మందు కొంటే తెలిసిపోతుందని బెజవాడ వెళ్ళి కొనేవారు. సంబంధం కుదిరే సమయమని మధ్యలో మందు మానిపించిన తల్లిదండ్రులున్నారు. మానిన మందుతో జబ్బు తిరగబెట్టేది; అప్పుడు దాచిన సంగతే పెద్ద నేరమై నిలిచేది. విద్యుత్ చికిత్స అనగానే సినిమాలలోని శిక్ష గుర్తుకు వస్తుంది. నిజానికి మత్తు ఇచ్చి, కండరాలను సడలించి చేసే ఈ చికిత్స తీవ్రమైన కుంగుబాటులో నేటికీ ప్రాణాలు నిలుపుతున్నది. మత్తు లేకుండా చేయడాన్ని మన చట్టం నిషేధించింది.

మా ఊరి బొమ్మల కళాకారులు తెల్ల పొనికి కర్రను నిదానంగా సెగ చూపి, తేమ పోగొట్టి, ఆపైన చెక్కుతారు. ఒకప్పుడు తడిసి ఉన్నదని కర్రను పారవేయరు. ఇప్పుడు ఆరిందా లేదా అని చూస్తారు. మనుషుల విషయంలోనూ వైద్యుడు చూసేది ఇదే.

కనుక సర్పంచి అయినా, సంఘం అధ్యక్షుడైనా, ఉపరాష్ట్రపతి అయినా, ఎవరి యోగ్యతను గురించి వాదించేటప్పుడైనా ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. ఆ పదవి చేయించే పని ఏమిటి? దానిని నేడు ఈ మనిషి చేయగలరా? జబ్బు ఉంటే చికిత్స క్రమంగా సాగుతున్నదా? ప్రజలకు తెలియవలసినంత నిజం చెప్పారా? ఎప్పుడో వచ్చి నయమైన జబ్బుకు ఈ ప్రశ్నలలో చోటు లేదు. గుండెకు స్టెంటు వేయించుకున్నవారికి ఏ కొలతో, మనసుకు మందు వాడినవారికీ అదే కొల.

మీ ఇంట్లో ఎవరైనా రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, ఉత్సాహం కోల్పోయి దిగులుగా ఉంటే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చును. బాగుపడి పనిలోకి తిరిగి వచ్చినవారిని పాత జబ్బు పేరుతో పిలవకండి. అది చూసి, బయటకు చెప్పలేక బాధపడుతున్న మరొకరు ధైర్యంగా చికిత్సకు వస్తారు.