యానాంలో పట్టేసిన బ్రేకులు

యానాంలో అరిగిపోయే బ్రేకులు తక్కువ, నిలబడి పట్టేసే బ్రేకులు ఎక్కువ. ఈ ఊళ్ళో పానా పట్టుకునే బతికినవాణ్ణి కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను. కారణం ఊరున్న చోటే. గౌతమీ గోదావరి ఒడ్డున, కోరింగ పాయ విడిపోయే దగ్గర ఉన్నాం. సముద్రం ఎంతో దూరం లేదు. ఎండాకాలం ఎగువ నుంచి నీరు తగ్గితే పోటు నీరు పైకొచ్చి నది ఉప్పబడుతుంది. ఆ తేమ, ఆ ఉప్పు చక్రం లోపలికీ చేరతాయి. బ్రేకు డ్రమ్ము పోత ఇనుము. తడిసిన మర్నాటికే దానిమీద ఎర్రటి పొర కడుతుంది. రోజూ తిరిగే బండికి నాలుగుసార్లు బ్రేకు తొక్కితే ఆ పొర రాలిపోతుంది. నిలబడిపోయిన బండికి అది పెరిగి బ్రేకు షూ మీది లైనరును డ్రమ్ముకి అంటించేస్తుంది. అందుకే పట్టేసిన బ్రేకుల లెక్క తీస్తే, ఈ ఊరు ఎప్పుడెప్పుడు ఆగిపోయిందో తెలిసిపోతుంది.

మా గురువుగారు కాకినాడ లారీ షెడ్లలో పని నేర్చుకుని యానాం వచ్చి స్థిరపడ్డారు. 1954 నవంబరు 1న ఫ్రెంచివాళ్ళు పాలన అప్పగించేనాటికి ఇక్కడ మోటారు బళ్ళు బహు తక్కువని, సైకిళ్ళూ ఎడ్లబళ్ళే కనబడేవని చెప్పేవారు. 1962 ఆగస్టు 16న భారతదేశంలో విలీనం చట్టప్రకారం పూర్తయింది. తర్వాత నెమ్మదిగా జీపులు, అంబాసిడర్లు, డెబ్భైలలో చేతక్‌లు, లూనాలు, ఎనభైలలో టీవీఎస్ ఫిఫ్టీలు వచ్చాయి. యానాం పుదుచ్చేరి కిందిది, అక్కడి పన్ను తక్కువ కనుక పెట్రోలు పోయించుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ళ బళ్ళూ ఇటే వచ్చేవి. వాటితోపాటే రోడ్డు వార మాలాంటి షెడ్లు పెరిగాయి.

అప్పట్లో అవతలి ఒడ్డున ఎదుర్లంక చేరాలంటే పంటు పడవే దిక్కు. రేవులో నీళ్ళూ బురదా దాటించి స్కూటరును తోసుకుంటూ ఎక్కించాలి. నది మధ్యలో బండి జరగకుండా బ్రేకు బిగించి పట్టుకునేవారు. అమలాపురం వైపు పెళ్ళికి వెళ్ళొచ్చి, ఆ తడి బండిని వసారాలో పెట్టేసి, కొన్నాళ్ళకి తీస్తే వెనక చక్రం తిరిగేది కాదు. ఇద్దరు మనుషులు వెనక భాగం ఎత్తి పట్టుకుని, ముందు చక్రం మీద నడిపించుకుంటూ షెడ్డుకి తెచ్చేవారు. 2002లో వంతెన వచ్చింది. లోక్‌సభ స్పీకరుగా ఉండగానే ఆ ఏడాది మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో పోయిన జి.ఎం.సి. బాలయోగి గారి పేరు దానికి పెట్టారు. రేవు నీళ్ళు తాగిన బ్రేకులు ఆ తర్వాత మా దగ్గరికి రాలేదు.

పట్టేసిన డ్రమ్మును చూడగానే కుర్రాళ్ళు సుత్తి అందుకుంటారు. గురువుగారు ఆ చేతిని పట్టుకుని ఆపేవారు. పోత ఇనుము దెబ్బకి వంగదు, పగులుతుంది. ముందు బ్రేకు తీగ వదులు చెయ్యాలి. డ్రమ్ము అంచున తుప్పు గట్టు కడుతుంది, షూలు దానికి తగులుకుని డ్రమ్మును బయటికి రానివ్వవు, కాబట్టి షూలను లోపలికి జారనివ్వాలి. తర్వాత చెక్క అడ్డం పెట్టి, చుట్టూ తిప్పుకుంటూ చిన్న దెబ్బలు వెయ్యాలి. డ్రమ్ము ఊడింది కదా అని అక్కడితో ఆగినవాడు సగం పనే చేసినట్టు. అసలు రోగం చాలాసార్లు క్యామ్‌లో ఉంటుంది. షూలను విడదీసే ఆ చిన్న ఇరుసు, గ్రీజు ఎండిపోయి తన రంధ్రంలోనే బిగుసుకుంటుంది. దాన్ని కిరసనాయిల్లో నానబెట్టి బయటికి తీసి, ఎమ్రీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, వేలికి అంటినంత గ్రీజు మాత్రమే పుయ్యాలి. ఎక్కువైతే వేడికి కరిగి లైనరు మీదికి పాకుతుంది. నూనె తాగిన లైనరు ఇక బ్రేకు కాదు. అంబాసిడర్‌ది ఇంకో బాధ. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అది మార్చకుండా ఏళ్ళు గడిపితే చక్రం దగ్గరి సిలిండరులో పిస్టను తుప్పుపట్టి ఇరుక్కుంటుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆ తరం పద్ధతి తప్పు. డ్రమ్ములో దుమ్మును నోటితో ఊదేవారు. ఆనాటి లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. అది ఊపిరితిత్తులను తినేస్తుంది, క్యాన్సరూ తెస్తుంది. ఈ సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు. ఇప్పటికీ పాత లైనరు విప్పితే తడిగుడ్డతోనే తుడవమని మా కుర్రాళ్ళ మీద అరుస్తూ ఉంటాను.

ఇక ఊరు ఆగిపోయిన రోజుల సంగతి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమనూ మమ్మల్నీ ఊడ్చేసింది. వందల మంది పోయారు, కొబ్బరి తోటలు నేలకొరిగాయి. మనుషులు కోలుకుని బళ్ళ వంక చూసేసరికే రోజులు గడిచిపోయాయి. ఉప్పునీటిలో నిలిచిన డ్రమ్ములు కొన్నింటిని గ్యాసుతో వేడి చేసి మరీ విప్పాల్సి వచ్చింది.

ట్రాక్టర్ల సంగతి వేరే చెప్పాలి. మెట్టకూరు, అడవిపొలం వైపు వరి చేలల్లో దమ్ము చేసేటప్పుడు వెనక ఇరుసు దాకా బురదే. ట్రాక్టరుకు రెండు బ్రేకు పెడళ్ళు ఉంటాయి. చేలో మలుపు తిప్పడానికి ఒక్కటే తొక్కుతారు, రోడ్డెక్కితే రెండింటినీ కలిపి గడియ వేస్తారు. పాత డ్రై డిస్కు బ్రేకులో రెండు పలకల మధ్య వాలు గుంతల్లో ఉక్కు గుండ్లు ఉంటాయి. పెడలు తొక్కగానే గుండ్లు వాలు ఎక్కి పలకలను విడదీస్తాయి, అవి డిస్కులను నొక్కుతాయి. బురద నీరు దూరితే ఆ గుంతలు తుప్పుపట్టి, ఎక్కిన గుండు మళ్ళీ దిగదు. దమ్ములు అయిపోయాక రైతు పార్కింగు బ్రేకు వేసి ట్రాక్టరును పాకలో పెడతాడు. కోతలకి తీసేసరికి ఇంజను ఉరుముతుంది, చక్రం కదలదు. నూనెలో మునిగి ఉండే బ్రేకులు వచ్చాక ఈ తిప్పలు చాలావరకు తగ్గాయి.

ఈ రోగం ఒక్క యానాందే కాదు. మా మేనల్లుడు అమెరికాలో ఉంటాడు. ఇంటి ముందు గడ్డి కోయడానికి కూర్చుని నడిపే చిన్న బండి కొనుక్కున్నాడు. మంచు కాలం వెళ్ళాక ఒకరోజు వీడియోలో పిలిచాడు.

“మావయ్యా, ఇంజను తిరుగుతోంది, బండి కదలట్లేదు. బెల్టు కాలిన వాసన వస్తోంది.”

“పార్కింగు బ్రేకు వేసి పెట్టావా?”

“ఆ, దొర్లిపోకుండా ఉంటుందని.”

అదే రోగం. గేరుపెట్టె పక్కన అరచేతిలో పట్టే డిస్కు, రెండు చిన్న ప్యాడ్లు, వాటిని నొక్కే రెండు పిన్నులు, ఒక మీట. తాళం తీసి, ప్లగ్గు తీగ ఊడదీసి, చక్రాలకు అడ్డం పెట్టమన్నాను. రెండు బోల్టులు విప్పితే ప్యాడు డిస్కుకి అంటుకుని ఉంది, పిన్నులు కదలడం లేదు. పిన్నులు గడ్డిలో పడితే దొరకవు, కింద గుడ్డ పరవమన్నాను. డిస్కు తన ఇరుసు మీద పక్కకి జరుగుతోందా అని చూడమన్నాను, జరగకపోతే ఎంత రుద్దినా మళ్ళీ పట్టేస్తుంది. అన్నీ తోమి, పిన్నులకు మాత్రమే గ్రీజు రాసి, నట్టుతో సందు సరిచేశాడు. బండి కదిలింది. గురువుగారు క్యామ్ దగ్గర చెప్పిన పాఠానికి అక్కడ ఒక్క అక్షరం మారలేదు.

మా ఊరు మళ్ళీ ఆగిపోయింది 2020 మార్చి ఆఖర్న, కోవిడ్ లాక్‌డౌన్‌తో. వరద లేదు, గాలివాన లేదు, అయినా ఆటోలన్నీ ఇళ్ళ ముందు నిలబడిపోయాయి. సడలించాక మా షెడ్డు ముందు వరస కట్టాయి. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద ఊళ్ళోకొచ్చినప్పుడూ అంతే. ఈ రెండుసార్లూ చాలామంది విప్పి బాగుచేసే ఓపిక లేక లోపలి సామాను మొత్తం కొత్తది వేయించుకున్నారు. డబ్బున్నవాడికి అది పర్వాలేదు. రోజు కూలి మీద ఆటో నడిపేవాడికి ఎమ్రీ పేపరుతో పోయేదానికి కొత్త సామాను అంటగట్టడం అన్యాయం. నా దగ్గర నేర్చుకునేవాళ్ళకి ముందు విప్పి చూడటమే నేర్పుతున్నాను.

బండి తడిసి, కొన్నాళ్ళు నిలబెట్టాల్సి వస్తే, ముందు కాస్త దూరం నడిపి బ్రేకు వేస్తూ ఆరబెట్టండి. హ్యాండ్ బ్రేకు లాగి వదిలేయకండి. చదును చోట గేరులో ఉంచి, చక్రాలకు ముందూ వెనకా చెక్క పెట్టండి. వారానికోసారి నాలుగడుగులు ముందుకీ వెనక్కీ కదపండి. అప్పటికీ పట్టేస్తే సుత్తి ముట్టుకోకుండా మెకానిక్కుని పిలవండి.